కంది పండింది, గిన్నెలోకి రాలేదు

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహార భద్రత అనగానే మనం రేషన్ షాపు దాకా వెళ్లి ఆగిపోతాం. ఇవాళ ఆఫ్రికాలోని మలావీ దాకా వెళ్దాం. మరీ పరాయి చోటేం కాదు. మన దేశం దిగుమతి చేసుకునే కందుల్లో కొన్ని అక్కడి చేలల్లో పండినవే.

అక్కడి వాళ్లకు తిండి అంటే మొక్కజొన్న పిండితో కెలికే న్సిమా. మన సంగటిలాంటిది. ఒకటే వానకాలం, చిన్న కమతాలు. ఏటా అదే పంట వేసి నేల సారం పోయింది. జనవరి నుంచి మార్చి దాకా గాదెలు ఖాళీ. 2002లో ఆకలికి మనుషులు చచ్చిపోయారు. 2005 నుంచి ప్రభుత్వం ఎరువులకు పెద్దఎత్తున సబ్సిడీ ఇచ్చింది. దిగుబడి పెరిగింది గానీ, ఎరువు పై దేశాల నుంచి రావాల్సిందే.

ఉత్తరాన ఎక్వెండేనిలో ఒక ఆస్పత్రి 2000లోనే వేరే దారి పట్టింది. తిండి చాలక చిక్కిపోయిన పిల్లలకు మందులొక్కటే చాలవని, రైతులతో కలిసి వేరుశనగలో కంది వేయించింది. కంది మొదట్లో మెల్లగా ఎదుగుతుంది, వేరుశనగకు అడ్డం రాదు. వేరుశనగ పీకేశాక పుంజుకుంటుంది. రాలిన ఆకు, వేళ్లు పట్టిన నత్రజని మరుసటేడు మొక్కజొన్నకు బలం. దక్షిణ మలావీలో కంది పాత పంటే, ఉత్తరాన కొత్త.

ఇంతవరకూ వ్యవసాయ శాఖ వాళ్లు కూడా చెబుతారు. ఆ ఆకూ అలమూ మట్టిలో పూడ్చే చాకిరీ ఎవరిది? ఎక్కువగా ఆడవాళ్లదే. గింజలమ్మిన డబ్బు మాత్రం చాలా ఇళ్లల్లో మగవాళ్ల చేతికి, కొంత సారాకి. ఆ ప్రాంతంలో ఓలి ఇచ్చి కోడల్ని తెచ్చుకుంటారు, భూమి భర్త వంశానిది. పసిపిల్లకు ఏం పెట్టాలో అత్తగారి మాట. పప్పు పండినంత మాత్రాన పిల్ల గిన్నెలోకి రాదు.

అందుకని ఊళ్లల్లో వంటల రోజులు పెట్టారు. మగవాళ్లూ గరిట పట్టారు. (నవ్వకండి, మన సభల్లో ఏనాడైనా పట్టించామా?) అత్తలనూ కోడళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడించారు. ఈ పనిలో బాగా పాల్గొన్న చోట్ల పిల్లల బరువు మెరుగుపడిందని 2011లో అచ్చయిన ఒక అధ్యయనం చూపింది.

అన్నీ తీరిపోలేదు. 2016 భూచట్టం ఊరి భూకమిటీల్లో ఎన్నికయ్యే స్థానాల్లో సగం స్త్రీలకిచ్చింది. ఆ కుర్చీల్లో కూర్చుని మాట్లాడగలగడం ఇంకో పోరాటం. 2024లో వానలు మొహం చాటేసి మొక్కజొన్న ఎండింది. మేకల గొడవ మరొకటి. మొక్కజొన్న కోయగానే వాటిని చేల మీదికి వదులుతారు, అప్పటికి కంది ఇంకా చేలోనే ఉంటుంది. ఎన్నాళ్లు కట్టెయ్యాలో ఊరి పెద్ద తేల్చాలి.

మధ్యాహ్నం గ్రూపుల్లో కూర్చునేటప్పుడు మీ ఊళ్ల లెక్క చెప్పండి. పోయిన ఏడు పండిన కందుల్లో ఇంటికి ఎన్ని ఉంచుకున్నారు, అమ్మిన డబ్బు ఎవరి చేతికి పోయింది?