మామిడి నీడలో నేలవేము
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జగిత్యాల, కోరుట్ల మామిడి తోటల్లో చెట్ల నడుమ నేల ఖాళీగానే ఉంటున్నది. అక్కడ నేలవేము వేద్దామా అని కొందరు అడుగుతున్నారు. ముందు దాని స్వభావం తెలుసుకుందాం.

నేలవేము మన అడవి మొక్కే. చెట్ల కింద పలుచని నీడలో, వానకాలంలో మోకాలెత్తు పెరుగుతుంది. నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. విత్తనం చాలా సన్నం. ఇసుకలో కలిపి నారు పోసి, వానలు పడ్డాక నాటాలి. మూడు, నాలుగు నెలలకు పూత మొదలవుతుంది. ఆకులో చేదు నిండుగా ఉండేది అప్పుడే. ఆ అదనులో కోసి నీడన ఆరబెట్టాలి.

మందుకు పనికొచ్చేది ముఖ్యంగా ఆకు, కాడ. కాబట్టి సిరిసిల్ల వైపు అడవుల్లో ఏరుకునేవాళ్లకూ మనం చెప్పేదొకటే: వేరుతో పీకవద్దు, కొన్ని మొక్కల్ని గింజకు వదలండి. గింజ రాలకపోతే వచ్చే వానకు మొక్క ఉండదు, మీకు ఆదాయమూ ఉండదు. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కు నిలవాలంటే ముందు అడవిలో మొక్క నిలవాలి.

ధర పడితే ఏమవుతుందో పసుపు రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. కొనేదెవరో, కిలోకెంతో కాగితం మీద తేలాకే దిగుదాం. అదీ మొదట రెండు గుంటల్లోనే. సాగు సంగతులు పొలాస పరిశోధన స్థానంలో అడుగుదాం. ఒక్కొక్కరం పోతే దళారి చెప్పిందే ధర. సంఘంగా పోతే మనమూ ధర చెప్పగలం.