శిశువు తప్పు చెప్పినప్పుడు



ఉపాధ్యాయవృత్తిలో నేను చేసిన యొక పొరపాటుతో ఈ ప్రసంగము నారంభించుచున్నాను. ఒకటవ తరగతి బాలిక యెదుట చింతపిక్కలను వరుసకు ఆరు చొప్పున రెండు వరుసలు పేర్చితిని. రెండును సమానమని ఆమె చెప్పినది. పిమ్మట ఒక వరుసలోని పిక్కలను ఎడముగా జరిపి, ఏది ఎక్కువయని మరల అడిగితిని. ఆమె పొడవైన వరుసను చూపినది. ఇంతలోనే మరచితివాయని కసరితిని. ఆ యేడంతయు ఆ బాలిక నా ప్రశ్నలకు నోరు విప్పలేదు.

ఆ జవాబు అశ్రద్ధవలన వచ్చినది కాదని చాలకాలమునకు గాని నాకు తెలియలేదు. స్విట్జర్లాండు దేశస్థుడగు జీన్ పియాజే (1896-1980) పారిస్ నగరమున పిల్లల తెలివిని కొలుచు పరీక్షలతో పనిచేయుచు, ఒకే యీడు పిల్లలు ఇంచుమించు ఒకే విధముగా తప్పుచుండుట గమనించెను. జ్ఞానము ఒకరు పెట్టగా వచ్చునది కాదు. శిశువు వస్తువులను చేతితో పట్టి, కదలించి, చూచి దానిని తానే నిర్మించుకొనునని ఆయన సిద్ధాంతము. వల్లె వేయించుటకంటె చేసి తెలిసికొననిచ్చుట మేలను ఈ భావమునకు ఇంగ్లండులో 1967లో వెలువడిన ప్లౌడెన్ నివేదిక బలము చేకూర్చినది.

అయితే సిద్ధాంతమును శాసనముగా భావింపరాదు. ఏడేండ్లు నిండనిదే బిడ్డకు ఇది తెలియదని చేతులు ముడుచుకొనుటయు తప్పే. 1970 దశకమున స్కాట్లండులో మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగిల్ అను పరిశోధకులు ఇట్టి పరీక్షలోనే ఎలుగుబంటి బొమ్మ చిలిపిగా బిళ్ళలను చెదరగొట్టినట్లు నటింపజేయగా, పెద్దలు జరిపినప్పటికంటె హెచ్చుమంది పిల్లలు సమానమనియే చెప్పిరి. పెద్దవారు తామే జరిపి మరల అడిగినచో, జవాబు మార్చవలెనేమోయని బిడ్డ తలచును కాబోలు! నా చింతపిక్కల కథయు అట్టిదే కావచ్చును. నేడు ఒకరి తోడ్పాటుతో చేయగలిగిన దానిని బిడ్డ రేపు తానుగా చేయగలడని రష్యా పండితుడు వైగాట్‌స్కీ (1896-1934) బోధించెను.

మన దేశమున 2020 జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వయస్సును పునాది దశగా నెంచి, ఆటపాటల ద్వారా బోధన సాగవలెనని కోరినది. అయినను పలకమీద అక్షరములు దిద్దలేదని మూడేండ్ల బిడ్డను గద్దించు అలవాటు మన యిండ్లలో నింకను పోలేదు.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున నాదొక మనవి. బొమ్మల పుస్తకములను బీరువాలో తాళమువేసి యుంచక, పిల్లల చేతికందు ఎత్తున నుంచుడు. సాయంకాలములందు పెద్దవారొకరు వారి సరసన కూర్చుండుడు. బిడ్డ తప్పు చెప్పినచో, దిద్దుటకు ముందు "అట్లేల తోచినదమ్మా?" యని అడుగుడు. ఆనాడు నేను అడుగకపోయిన ప్రశ్న అది యొక్కటే.