ముప్ఫై మీటర్ల దూరం



జర్మనీ ఉత్తర తీరంలో వాడెన్ సముద్రం ఉంది. రోజుకు రెండుసార్లు నీరు వెనక్కి తగ్గి, కిలోమీటర్ల కొద్దీ బురదనేల బయటపడుతుంది. యునెస్కో 2009లో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. జూన్, జూలైలలో అక్కడి ఇసుక దిబ్బల మీద సీల్ జంతువులు ఈనుతాయి. పాటు వేళ దిబ్బ తేలి ఉన్నంతసేపే పిల్లకు తీరుబడిగా పాలు. అలా నాలుగైదు వారాలు తాగి పట్టించుకున్న కొవ్వే దానికి ఆ తర్వాత ఆధారం.

తల్లి వేటకు వెళితే పిల్ల ఒంటరిగా ఏడుస్తుంది. చూసినవాళ్లకు జాలి. చుట్టూ చేరతారు, కొందరు నిమురుతారు, ఫొటో తీసుకుంటారు. మనుషులు కదిలేదాకా తల్లి ఒడ్డెక్కదు. ఈలోగా పోటు వచ్చేస్తుంది. మన జాలికి ఆ పిల్ల ఒక పూట పాలు పోగొట్టుకుంటుంది. ఇలా తల్లికి దూరమై ఏడ్చే పిల్లలకు జర్మన్లు ‘హాయ్లర్’ అని పేరే పెట్టుకున్నారు.

హెల్గోలాండ్ దీవి పక్కనున్న డ్యూనె అనే ఇసుక దీవిలో బూడిదరంగు సీళ్లు చలికాలంలో ఈనుతాయి. అక్కడ వాటికి 30 మీటర్ల దూరంలో నిలబడాలి. తెల్లటి బొచ్చుతో ఉన్న పిల్లను చూసి నేనూ రెండడుగులు ముందుకేశాను. మా గైడు ఒక్క మాటా అనకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. నాకు సిగ్గేసింది. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

జర్మనీలోనే ఉన్న బెర్ఖ్టెస్‌గాడెన్ జాతీయ ఉద్యానంలో అలా ఆపడం కుదరలేదు. ఇన్‌స్టాగ్రామ్ ఫొటోల కోసం జనం కోనిగ్స్‌బాఖ్ జలపాతం పక్కన పచ్చదనమంతా తొక్కేస్తే, 2021లో ఆ చోటును ఐదేళ్లకు మూసేశారు. 

ఇలా దూరం పాటించడం మనకు తెలియని మర్యాదేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే పక్షులను ఊరివాళ్లు పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు.

రేపు, పర్యాటక శాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న మీలో ఒకరు పులికాట్‌లో పడవ ఎక్కుతారు. ఎదురుగా ఫ్లెమింగోలు మేస్తుంటాయి. వాటిని లేపితే మేత పోతుంది, ఒంట్లో సత్తువా పోతుంది. డబ్బు కట్టిన పెద్దమనిషి, “ఇంకాస్త దగ్గరికి పోనివ్వండి, ఎగిరితేనే ఫొటో బాగుంటుంది” అంటాడు. పడవ నడిపే అతను మీ ముఖం వంక చూస్తాడు.