గడపకీ బజారుకీ మధ్య

(క్షేత్ర పర్యటన ముగింపులో మహిళా కార్యకర్తలతో చేసిన ప్రసంగం పాఠం)



రెండు రోజులుగా మనం నర్సాపురంలో తిరుగుతున్నాం. నిన్న పొద్దున బజారు చూశాం. మధ్యాహ్నం లేసు అల్లే స్త్రీల ఇళ్లకు వెళ్లాం. ఈ రోజంతా సహకార సంఘాల వాళ్లతో కూర్చున్నాం. వెళ్లేముందు ఒక్క విషయం మీతో మాట్లాడాలని ఉంది. ఈ ఊళ్లో గడపకీ బజారుకీ మధ్య దూరం ఎంత? ఆ దూరంలో ఎవరి కష్టం ఎవరి చేతుల్లోకి పోతోంది?

నిన్న చేపలమ్మే ఆమెని గమనించారు కదా. నేలమీద కూర్చుంది. నీడ లేదు, మరుగుదొడ్డి మాట అడగనే అక్కర్లేదు. ఆశీలు వసూలు చేసేవాడితో పొద్దున్నే ఒక తగాదా అయింది. అయినా ధర ఆమే చెప్పింది, బేరం ఆమే ఆడింది, డబ్బు ఆమే లెక్కపెట్టి కొంగున ముడి వేసుకుంది. "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగితే తడుముకోకుండా "చేపలమ్ముతాను" అంది.

మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్న ఆమెనీ అదే ప్రశ్న అడిగాం. చేతిలో సూది ఆగలేదు. "పనేం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. ఆమె పక్కన కూర్చుని ఆమె రోజుని గంటల్లో లెక్క వేశాం. వంట, నీళ్లు, పిల్లలు, గేదె పని తీసేస్తే లేసు మీదే ఆరు గంటలు తేలాయి. ఆ లెక్క చూసి మనకంటే ఎక్కువగా ఆమే ఆశ్చర్యపోయింది. తను అల్లిన పువ్వు ఏ బల్లగుడ్డలో చేరుతుందో, ఏ దేశం పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో ఆమెకు తెలీదు. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, లేసు తూచి తీసుకుంటాడు. ఆమెకు తెలిసిన బజారు అంతే.

ఈ అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చింది. పేద స్త్రీలకు జీవనాధారంగా మొదలై, క్రమంగా విదేశీ ఎగుమతుల వ్యాపారంగా పెరిగింది. గడప దాటకపోవడమే పరువు అనుకునే కుటుంబాల స్త్రీలకు ఇది అనువైన పని అయింది. వ్యాపారికి ఇంకా అనువైంది. షెడ్డు కట్టక్కర్లేదు, దీపం ఖర్చు లేదు, హాజరు పట్టీ లేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడ అధ్యయనం చేసి, 1982లో ప్రచురించిన పుస్తకంలో ఈ సంగతే ఎత్తిచూపారు. ప్రపంచ మార్కెట్టు కోసం రోజంతా పనిచేస్తున్న స్త్రీలను "గృహిణులు" అనీ, వారి పనిని "తీరిక వేళ పని" అనీ పిలవడం వల్లనే కూలి అంత తక్కువకు దొరుకుతోందని ఆమె వాదన.

పని విడగొట్టిన తీరు కూడా చూడండి. విడి ముక్కలు అల్లేది చేతిపని. వాటిని కలిపేది అతుకుపని. ఒకరు అల్లుతారు, ఇంకొకరు అతుకుతారు. తయారైన వస్తువు వీళ్లలో ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు. అమ్ముకోవాలన్నా అమ్ముకోవడానికి ఏముంది, నాలుగు పువ్వులు తప్ప?

అందుకే సహకార సంఘం అవసరం. విడివిడి చేతుల్ని ఒక వస్తువు దగ్గరకు, ఆ వస్తువుని బజారు దగ్గరకు చేర్చేది సంఘమే. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ వాటాధనం, ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకు దారి ఇచ్చింది. కానీ చట్టం ఉన్నంత మాత్రాన పెత్తనం పోదు. పేరుకు మహిళా సంఘం, ఆర్డరు మాట్లాడేది మాత్రం ఎవరో ఒక మగవాడు అయితే, పాత ఏజెంటుకు కొత్త బోర్డు తగిలించినట్టే.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. యంత్రపు లేసు ఈ పేరుతో అమ్మకుండా అడ్డుకోవడానికి అదొక ఆధారం. అయితే గుర్తింపు వచ్చింది లేసుకు. అల్లిన మనిషికి ఇంకా రావాల్సి ఉంది. ఆ పేరు వాడుకునే అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకునే హక్కు ఉత్పత్తిదారులకు చట్టంలోనే ఉంది. ఆ జాబితాలోకి అల్లే స్త్రీల పేర్లు ఎక్కించే పని మనలాంటి వాళ్లం చేయాలి.

ఇంకో సంగతి. ఇంటి దగ్గర పనిచేసేవారు కూడా కార్మికులేనని, కూలీ, సంఘం పెట్టుకునే హక్కు, ప్రసూతి రక్షణ వంటి వాటిలో ఇతర కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. దాని వెనుక అహమ్మదాబాదులో 1972లో పుట్టిన 'సేవ' సంస్థ కృషి ఉంది. మన దేశపు స్త్రీలు పోరాడి తెచ్చుకున్న ఒడంబడికను మన దేశమే ఇంతవరకు ఆమోదించలేదు.

మీరు మీ ఊళ్లకు వెళ్లాక లేసు కాకపోతే బీడీలు, అప్పడాలు, ఆసు పోయడం, ఏదో ఒకటి కనిపిస్తుంది. అక్కడ నాలుగు ప్రశ్నలు అడగండి. సభ్యత్వ పుస్తకంలో పేరు ఎవరిది? ధర నిర్ణయించినప్పుడు ఆమె ఆ గదిలో ఉందా? అమ్మిన బిల్లు ఆమె చూసిందా? డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? సంఘం గోడమీద రాసిన లక్ష్యాల కంటే ఈ నాలుగు జవాబులే సంఘం సంగతి చెబుతాయి.

చేపలమ్మే ఆమెకు బజారు ఉంది, నీడ లేదు. 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీల్లో విక్రేతల ప్రతినిధుల్లో మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఆ చోటు ఆమెకు దక్కాలి. లేసు అల్లే ఆమెకు నీడ ఉంది, బజారు లేదు. ఈ ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండి ఒకరి పని ఒకరు ఎరగరు. వీళ్లిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే సమావేశంతో మన తర్వాతి పని మొదలుపెడదాం.

బయల్దేరేటప్పుడు అరుగు మీది ఆమె నన్ను ఆపి అడిగింది: "మీరు నిన్న కొన్నారుగా, ఆ గుడ్డ ఎంతకిచ్చారండీ?" నేను ధర చెప్పాను. ఆమె చేతిలో సూది అప్పుడు ఆగింది.