ఎవరు వచ్చారు, ఎలా వచ్చారు?
(బీదర్‌లో చేసిన ప్రసంగ పాఠం)

1956 నవంబరు 1న బీదర్ జిల్లాను విడదీసి జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. సరిహద్దు మారింది గానీ మాటలు విడిపోలేదు. ఇక్కడ ఒకే వీధిలో నాలుగు భాషలు వినిపిస్తాయి. ఒక మనిషి నోట మరొకరు మాట్లాడితే ఆ భాషలు ఏమంటాయో చూడండి. తెలుగులో దేవుడనుకుంటే పూనకమంటాం, శిగమంటాం. భయమేస్తే గాలి సోకింది, దయ్యం పట్టింది అంటాం. కన్నడలో ‘మై మేలె బర్తదె’, మరాఠీలో ‘అంగాత్ యేతె’, దర్గాల దగ్గర ‘హాజ్రీ’. వచ్చినవారు బయటి నుంచే వచ్చారని ఈ మాటలన్నీ ముందే తేల్చేస్తాయి.

ఒకే ఒంట్లో మేము అనేకులం అని చెప్పుకునేవారు ప్రపంచమంతటా ఉన్నారు. తమ గుంపును ఇంగ్లీషులో ‘ప్లూరల్ సిస్టమ్’ అంటారు. లోపలివారు ఎలా పుట్టారో చెప్పడానికి వాళ్ళు పేర్లు పెట్టుకున్నారు. గాయం వల్ల పుడితే ‘ట్రామాజెనిక్’. గాయంతో పనిలేకుండా లోపలి నుంచే పుడితే ‘ఎండోజెనిక్’. ఇవి వైద్యులు పెట్టిన పేర్లు కావు. వైద్యుల్లో చాలామంది దీన్ని చిన్ననాటి హింసతో ముడిపెడతారు, కొందరు ఒప్పుకోరు. ఆ వాదన ఇంకా తెగలేదు.

పేరుదేముంది అంటారేమో. పేరును బట్టే మనం చేసే పని ఉంటుంది. బయటి నుంచి వచ్చింది అనుకుంటే వెళ్ళగొట్టాలని చూస్తాం. వేపమండలు, పొగ, గొలుసులు అక్కడి నుంచే మొదలవుతాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు, నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది కాలి చనిపోయారు. మానసిక రోగులను ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ చెబుతోంది. మన ప్రార్థన కూటాలకూ అందులో మినహాయింపు లేదు.

ఇంకో ప్రమాదం ఉంది. ఇంట్లోనే ఒకడు పిల్లను పాడుచేస్తాడు. ఆ పిల్ల వేరే గొంతుతో అరుస్తుంది. మనం దయ్యం అంటాం. దయ్యం దొరికింది కాబట్టి మనిషి తప్పించుకుంటాడు. ‘గాయం’ అన్న మాట ఉంటే, కొట్టిందెవరు అని అడిగేవాళ్ళం.

అలాగని ప్రతి శిగంలోనూ గాయాన్ని వెతకడం కూడా తప్పే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5, కొన్ని సంస్కృతుల్లో ఈ అనుభవాన్ని పూనకంగా చెబుతారని ఒప్పుకుంది. నలుగురూ అంగీకరించిన మతాచారంలో భాగమైతే దాన్ని జబ్బుగా లెక్కించకూడదనీ చెప్పింది. జాతరలో ఊగి, తెల్లారి నాట్లకు వెళ్ళే అక్కను రోగి అనే హక్కు మనకు లేదు. ఆమెకు బాధ ఉందా, బతుకు ఆగిపోతోందా అన్నదే అడగాలి.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల్లో బతికినవాడు గుర్తున్నాడు కదా. అతనికి సంకెళ్ళు వేసింది ఊరివాళ్ళు. యేసు అతని పేరడిగాడు. మేము అనేకులం అన్న జవాబు విన్నాడు. వెళ్ళగొట్టాడు కదా అంటారా? నిజమే. కానీ ఆయన కర్ర పట్టలేదు, గొలుసు పట్టలేదు. చివరికి అతన్ని తన వాళ్ళ దగ్గరికి, తన ఇంటికి పంపాడు.

మనం చేయగలిగింది చెబుతాను. ఎలా వచ్చారన్నది ఆ మనిషే చెప్పాలి, మనం పేరు అంటించవద్దు. చేయి చేసుకోవద్దు, ఎవరినీ చేసుకోనివ్వద్దు. పిల్లల మీద హింస అనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. మనసు బాధకు టెలీమానస్ నంబరు 14416. తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడతారు. ప్రార్థన మానమని నేను అనడం లేదు. ప్రార్థన చేసే చేతులతోనే ఆ ఫోను కూడా చేయండి.