హైవే మీద టైర్ పోతే: ఆ పది సెకన్లు, తర్వాతి పది నిమిషాలు

ఈ ఎపిసోడ్‌లో కొత్త బండి రివ్యూ లేదు, హెల్మెట్ అన్‌బాక్సింగ్ లేదు. ఒక పాత ట్యూబు గురించి మాట్లాడుకుందాం. ఇదిగో, నా చేతిలో ఉంది. వాల్వ్ దగ్గర చూడండి, నా బొటనవేలు దూరేంత చిరుగు. ఈ చిరుగు పడినప్పుడు నేను గంటకి 75 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్నాను. వెనక మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు.

ఈ సంగతి మా అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు. ఈ వీడియో చూస్తే తెలిసిపోతుంది. అమ్మా, ముందు మొత్తం విను, తర్వాత తిట్టు.

అసలు ఏం జరిగిందంటే, పోయిన దసరాకి ఊరెళ్దామని అనుకున్నాం. మాది నందిగామ దగ్గర ఒక పల్లె. పండగ ముందు విజయవాడ బస్సుల పరిస్థితి మీకు తెలిసిందే కదా. టికెట్లు దొరకలేదు, దొరికినవాటి రేటు చూసి మేమే వదిలేశాం. "బండి మీద పోదాం అన్నయ్యా, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాం" అన్నాడు తమ్ముడు. నాకూ అదే కావాలి. తెల్లవారుజామున ఐదున్నరకి ఎల్బీ నగర్ నుంచి బయల్దేరాం. ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు, అమ్మకి కొన్న కుక్కర్ ఒకటి.

చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి అన్నీ హాయిగా దాటేశాం. మధ్యలో ఆగి టీ తాగాం. నకిరేకల్ దాటాక బండి వెనక భాగం కొంచెం మెత్తగా అనిపించింది. అంటే చిన్న వంపు వచ్చినా సీటు అటూ ఇటూ జారుతున్నట్టు. రోడ్డు అలా ఉందేమో అనుకున్నా. ఇది నా మొదటి తప్పు. రోడ్డు బాగానే ఉంది. అలా అనిపించగానే ఆగి చూడాల్సింది.

ఇంకో రెండు నిమిషాలకి కింద నుంచి "టప్" మని శబ్దం. సినిమాల్లో లాగా పెద్ద పేలుడేం కాదు. వెంటనే బండి వెనక భాగం తోక ఊపినట్టు ఊగడం మొదలుపెట్టింది. ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. కుడివైపు లేన్‌లో ఒక బస్సు మమ్మల్ని దాటుతోంది. తమ్ముడు నా నడుము గట్టిగా పట్టుకున్నాడు.

ఆ క్షణంలో కాలు దానంతటదే బ్రేక్ మీదకి పోతుంది ఫ్రెండ్స్. అందరికీ పోతుంది. నాదీ పోయింది. కానీ తొక్కలేదు. నేనేదో పెద్ద రైడర్‌ని కాబట్టి కాదు. బండి నేర్పినప్పుడు మా బాబాయ్ ఒక మాట బుర్రకెక్కేదాకా చెప్పాడు. "గాలి పోయిన చక్రానికి బ్రేక్ వేస్తే అది నీ మాట వినదురా" అని. ఆ మాటే మమ్మల్ని నిలబెట్టింది.

ఎందుకో సింపుల్‌గా చెప్తాను. గాలి ఉన్నంతసేపు టైరు అంచులు రిమ్ముకి అతుక్కుని ఉంటాయి. గాలి పోయాక ఆ పట్టు ఉండదు. రిమ్ము కింద టైరు అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. అప్పుడు బ్రేక్ వేస్తే టైరు రిమ్ము మీద నుంచి తప్పుకోవచ్చు, లేదంటే చక్రం లాక్ అయి బండి పక్కకి జారిపోవచ్చు.

మరి ఏం చేయాలి? హ్యాండిల్ రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, కానీ ఊగుతోంది కదా అని దానితో కుస్తీ పట్టకండి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలొద్దు, మెల్లగా తగ్గించండి. గేర్లు కూడా టకటకా దించొద్దు, అలా చేస్తే ఇంజిన్ కూడా వెనక చక్రాన్ని పట్టి ఆపుతుంది. అదీ బ్రేక్ లాంటిదే. చూపు దూరంగా, మీరు వెళ్ళాల్సిన వైపు ఉండాలి. స్పీడ్ దానంతటదే పడిపోతుంది. బ్రేక్ వేయక తప్పదు అనుకుంటే, గాలి ఉన్న చక్రానికే, చాలా మెల్లగా. వెనక టైర్ పోతే ముందు బ్రేక్, ముందు టైర్ పోతే వెనక బ్రేక్. ముందు టైర్ పోతే ఇంకా కష్టం, హ్యాండిలే బరువెక్కి వణుకుతుంది. అప్పుడు కూడా చేయాల్సింది ఇదే.

వెనక కూర్చున్నవాళ్ళకీ ఒక పని ఉంది. కదలకుండా కూర్చోవడం. భయపడి కాలు కింద పెట్టినా, ఒక పక్కకి ఒరిగినా బండి పోతుంది. మా తమ్ముడు బిగుసుకుపోయాడు. అదే మంచిదైంది.

అలా ఊగుతూ ఊగుతూ స్పీడ్ తగ్గింది. ఎడమ ఇండికేటర్ వేసి, తెల్ల గీత దాటి, రోడ్డు అంచున ఆగాం. మొత్తం పది సెకన్లు ఉంటుందేమో. పడలేదు. ఒక్క గీత కూడా పడలేదు. కుక్కర్ కూడా భద్రం.

కథ ఇక్కడ అయిపోయిందని అనుకున్నా. కానీ నేను ఈ వీడియో చేస్తున్నది దీని తర్వాత జరిగినదాని గురించి.

బండికి స్టాండ్ వేశాను. గుండె ఇంకా దడదడలాడుతోంది. "బతికాం రా" అని నవ్వుకున్నాం కూడా. తర్వాత నేనేం చేశానో తెలుసా? హెల్మెట్ తీసి అద్దానికి తగిలించాను. బండి వెనకకి వెళ్ళి, వచ్చే వాహనాలకి వీపు పెట్టి, గొంతుక్కూర్చుని, ఫోన్ తీసి టైర్ ఫోటో తీస్తున్నాను. స్టేటస్ పెడదామని.

తమ్ముడు అరిచాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. నా బ్యాగు పట్టీ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. నేను వెల్లకిలా గడ్డిలో పడ్డాను. ఒక లారీ, ఎడమ చక్రాలు తెల్ల గీతకి ఇవతల పెట్టుకుని, మా బండి పక్క నుంచి వెళ్ళిపోయింది. హారన్ లేదు, బ్రేక్ లేదు. డ్రైవర్‌కి నిద్ర వచ్చిందో, ఫోన్ చూస్తున్నాడో తెలియదు. ఆ గాలికి మా బండి ఊగింది.

ఆ ఫోటో ఇదిగో, స్క్రీన్ మీద చూపిస్తున్నా. ఏమీ కనపడదు. ఒక మూల సగం టైరు, మిగతాదంతా మసక. తమ్ముడు లాగినప్పుడు నొక్కుకున్నది. డిలీట్ చేయలేదు, చేయను కూడా.

అందుకే చెప్తున్నా. టైర్ పోయిన ఆ పది సెకన్లలో మనం చాలా జాగ్రత్తగా ఉంటాం, భయం మన చేత ఉంచుతుంది. ఆగిన తర్వాత పది నిమిషాల్లో మాత్రం "ఇక గండం గడిచింది" అని ఏమరుపాటు పడతాం. కానీ మనం ఆగినంత మాత్రాన రోడ్డు ఆగదు కదా.

ఆగాక ఏం చేయాలో వరసగా చెప్తాను, వీలైతే స్క్రీన్‌షాట్ తీసుకోండి. బండిని వీలైనంత ఎడమకి, మట్టి గట్టిగా ఉంటే మట్టిలోకి దించండి. ఇండికేటర్ ఆన్‌లోనే ఉంచండి. ఎడమ వైపు నుంచే దిగండి, వెనక ఉన్నవాళ్ళు ముందు దిగాలి. హెల్మెట్ తీయకండి. రోడ్డు పక్కన ఇనుప రెయిలింగ్ ఉంటే దాని అవతలికి పోయి నిలబడండి. రెయిలింగ్ లేకపోతే రోడ్డుకి దూరంగా, బండి కంటే కొంచెం వెనకగా, వచ్చే వాహనాలు కనపడేలా ఉండండి. బండికి ముందు నిలబడొద్దు, ఎవరైనా బండిని గుద్దితే అది వచ్చి మీ మీదే పడుతుంది. హైవే మీద రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు కూడా ఉంటాయి, అటూ ఒక చూపు వేయండి.

తర్వాత ఫోన్. ఇప్పుడు ఫోన్ నిజంగా పనికొస్తుంది. 1033 సేవ్ చేసుకోండి. అది నేషనల్ హైవేల హెల్ప్‌లైన్, టోల్ ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది. మాకు ఆ రోజు ఈ నంబర్ తెలియదు, అది మా ఖర్మ. దెబ్బలు తగిలితే 108, ఏ ఎమర్జెన్సీకైనా 112. ఎక్కడున్నారు అని అడిగితే "చెట్ల దగ్గర" అని చెప్పొద్దు. పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి ఉంటుంది, దాని మీద నంబర్ చెప్పండి. హైదరాబాద్ వైపు వెళ్తున్నారా, విజయవాడ వైపా, అది కూడా చెప్పండి. ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పంపండి.

మమ్మల్ని ఒక ట్రాలీ ఆటో అన్న కాపాడాడు. కూరగాయలు దింపి ఖాళీగా పోతున్నాడట. ముగ్గురం కలిసి బండి ఎక్కించాం. కొర్లపహాడ్ టోల్ గేట్ దగ్గరలో ఒక పంక్చర్ షాపు ముందు దింపాడు. డబ్బులు ఇవ్వబోతే "డీజిల్‌కి ఇయ్యి చాలు" అన్నాడు.

పంక్చర్ షాపులో ఉన్నది ఒక పెద్దాయన. లెవర్లు పెట్టి టైర్ విప్పి, ట్యూబు బయటికి లాగి, నీళ్ళ తొట్టిలో ముంచకుండానే పక్కన పడేశాడు. "పంక్చర్ ఏడుంది తాతా?" అని అడిగా.

"పంక్చర్ కాదు తమ్మీ. మొల లేదు, ముల్లు లేదు. వాల్వ్ కాడ చిరిగింది. దీనికి ప్యాచ్ పడది" అన్నాడు. ఎందుకు చిరిగిందని అడిగితే చెప్పాడు. "గాలి తక్కువుంటే టైరు రిమ్ము మీద జారుతది. దానెంట ట్యూబు కూడ జరుగుతది. వాల్వేమో రిమ్ము రంధ్రంల ఇరుక్కొని ఉంటది. ఒకటి గుంజుతాంటే ఒకటి రాకపాయె. ఇగ చిరగక ఏమైతది?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. రెండు రోజుల ముందు పెట్రోల్ బంకులో గాలి కొట్టే కుర్రాడు "అన్నా, వాల్వ్ వంకరగా ఉంది, ఒకసారి చూపించుకో" అన్నాడు. "సరేలే" అన్నాను. నేను చూపించుకోలేదు. గాలి మాత్రం కొట్టించి వచ్చేశా. బయల్దేరేముందు మళ్ళీ గేజ్ పెట్టలేదు. మీద ఇద్దరం, సామాను. గాలి తక్కువైన టైరు తిరిగేకొద్దీ పక్కలు నలుగుతాయి, నలిగేకొద్దీ వేడెక్కుతుంది. పైగా స్పీడ్. టైర్ రెండు రోజుల ముందే నాకు చెప్పింది, నేనే వినలేదు.

కాబట్టి లాంగ్ రైడ్‌కి ముందు రెండు నిమిషాల పని. ఒకటి, వాల్వ్ నిటారుగా ఉందా, ఒక పక్కకి వాలి ఉందా చూడండి. వాలి ఉంటే బయల్దేరకండి, గాలి తీసి ట్యూబు సరిచేయించండి. స్పోక్ వీల్స్ ఉన్న బండ్లలో ఎక్కువగా ట్యూబే ఉంటుంది, మీకు ఇది ముఖ్యం. రెండు, గాలి. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో మాన్యువల్లో ఉంటుంది, చాలా బండ్ల మీద స్టిక్కర్ కూడా ఉంటుంది. ఒక్కరికి ఒక నంబర్, ఇద్దరికి ఇంకో నంబర్. నా బండికి వెనక ఒక్కడికైతే 30, ఇద్దరికైతే 32. మూడు, టైర్ వయసు. టైర్ పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. బటన్లు బాగానే ఉన్నా రబ్బరు పగుళ్ళు ఇచ్చి ఉంటే మార్చేయండి.

ట్యూబ్‌లెస్ ఉన్నవాళ్ళకి ఒక మాట. మొల దిగినా గాలి మెల్లగా పోతుంది కాబట్టి టైమ్ దొరుకుతుంది. కానీ రోడ్డు పక్కన తొందరపడి మొల పీకకండి, పీకితే ఉన్న గాలి కూడా పోతుంది. ప్లగ్ కిట్, చిన్న పంపు చేతిలో ఉండి, వాడటం వస్తేనే పీకండి. అది కూడా సేఫ్ చోటికి వెళ్ళాకే.

కొత్త ట్యూబు వేయించుకుని, మధ్యాహ్నం మూడింటికి ఇంటికి చేరాం. "ఇంత లేటేంట్రా?" అంది అమ్మ. "ట్రాఫిక్ అమ్మా" అన్నాం ఇద్దరం ఒకేసారి. తమ్ముడు నా వైపు చూడలేదు. ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు మాత్రం అడిగాడు, "అన్నయ్యా, నేను లాగకపోతే?" అని. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

తిరుగు ప్రయాణంలో వాడు బస్సులో వచ్చాడు. నేను ఏమీ అనలేదు. మొన్న సంక్రాంతికి మాత్రం వాడే హెల్మెట్ తీసుకుని వచ్చి బండి దగ్గర నిలబడ్డాడు. ఎక్కలేదు. ముందు వంగి వెనక టైర్ వాల్వ్ చూశాడు, గేజ్ పెట్టి చూశాడు, అప్పుడు ఎక్కాడు. ఇప్పుడు మా ఇంట్లో ఆ డ్యూటీ వాడిదే.

ఈ వీడియో అయిపోగానే ఒక పని చేయండి. కిందకి వెళ్ళి మీ బండి వాల్వ్ ఒకసారి చూడండి. వంకరగా ఉంటే కామెంట్‌లో చెప్పండి. 1033 సేవ్ చేసుకోండి. పండక్కి బండి మీద ఊరెళ్ళే ఫ్రెండ్ ఉంటే వాడికి పంపండి. ఉంటాను మరి, జాగ్రత్తగా వెళ్ళి రండి.

అమ్మా, ఇప్పుడు తిట్టు.