దానమిచ్చిన కంప్యూటర్‌పై పెత్తనం ఎవరిది?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలాంటి సొసైటీలు పేద మహిళలకు కుట్టుమిషన్లు ఇస్తుంటాయి. మిషన్ ఇంటికి చేరిన రోజు నుంచి అది ఆమెదే. నచ్చిన దారం వాడుకుంటుంది. చెడిపోతే వీధిలో ఏ మెకానిక్‌కైనా చూపిస్తుంది. పక్కింటి అమ్మాయికి దాని మీదే కుట్టు నేర్పుతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కంప్యూటర్ ఇస్తే సంగతి వేరు. పెట్టె మనదే గానీ, లోపల నడిచే సాఫ్ట్‌వేర్ చాలావరకు మనది కాదు. కంపెనీ షరతుల మీద వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే మనకుంటుంది. ఒక ఉదాహరణ చూడండి. 2015లో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. 2017కు ముందు తయారైన చాలా కంప్యూటర్లు ఆ లెక్కలోకి రావు. ఆఫీసుల్లో వాడి ట్యూషన్ సెంటర్లకు దానంగా ఇచ్చేవి ఎక్కువగా ఆ వయసువే.

అలాంటి కంప్యూటర్ ఆగిపోదు, నడుస్తూనే ఉంటుంది. కానీ భద్రతా అప్‌డేట్లు ఆగిపోతే, కొత్తగా బయటపడే లోపాలకు అడ్డుకట్ట ఉండదు. మరి సొసైటీ కంప్యూటర్‌లో ఏముంటాయి? స్కాలర్‌షిప్ అడిగిన పిల్లల ఆధార్ నంబర్లు, వితంతువుల బ్యాంకు ఖాతాలు, ఏ ఇంట్లో ఎంత లేమి ఉందో తెలిపే దరఖాస్తులు. ఇచ్చేది గుట్టుగా ఇవ్వాలని మన పెద్దలు నేర్పారు. ఆ కాగితాలు మన దగ్గర అమానత్. పుచ్చుకున్నవారి పరువు మన చేతుల్లో ఉంది.

దొంగ కాపీ వేయించుకుంటే సరిపోతుందని కొందరంటారు. హలాల్ సొమ్ముతో కొన్న యంత్రంలో దొంగ సొత్తు ఎందుకు? పైగా ఆ కాపీలతోపాటు వైరస్‌లు వచ్చే ప్రమాదమూ ఉంది.

నేరైన దారి మరొకటి ఉంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను విడుదల చేశారు. ఆ బాటలో వచ్చిందే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అది సాధారణంగా ఉచితంగానే దొరుకుతుంది, కానీ అసలు విషయం ధర కాదు. దాన్ని ఏ పనికైనా వాడుకోవచ్చు, ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు. కుట్టుమిషన్ మీద ఆ మహిళకున్న హక్కు లాంటిదే ఇది.

లినక్స్ మింట్ అనే వ్యవస్థకు 4 జీబీ మెమరీ ఉంటే చాలు. ఉత్తరాలు, లెక్కల పట్టికలకు లిబ్రే ఆఫీస్, ఇంటర్నెట్‌కు ఫైర్‌ఫాక్స్, వీడియో పాఠాలకు వీఎల్‌సీ, చిన్నపిల్లలకు ఆటల్లో చదువు చెప్పే జీకాంప్రి ఉన్నాయి. తెలుగు, ఉర్దూ రెండూ టైపు చేసుకోవచ్చు. ఇది పల్లెబడులకు సాధ్యమా అంటారేమో. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నాయి.

పెత్తనం పోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించిన సంచికలను ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. రాసింది మనమే అయినా చదువుకోలేం. యూనికోడ్‌లో రాసింది మాత్రం ఎక్కడైనా తెరుచుకుంటుంది. సొసైటీ రికార్డులన్నీ ఇకపై యూనికోడ్‌లో ఉంచితే, మన తర్వాత వచ్చే కార్యవర్గానికీ అవి అందుతాయి.

ఇబ్బందులు లేవని చెప్పను. ఉద్యోగాలకు వెళ్లే పిల్లలకు ఎక్సెల్, ట్యాలీ అడుగుతారు. ట్యాలీ లినక్స్‌లో నేరుగా నడవదు. కొన్ని ప్రింటర్లూ మొరాయిస్తాయి. అందుకే పెద్ద పిల్లల కోసం ఒకటి రెండు కంప్యూటర్లలో లైసెన్సుతో విండోస్ 11 ఉంచి, మిగతావాటిలో లినక్స్ వేయడం మంచిది. మొదటి నెలల్లో నేర్పే మనిషి తప్పకుండా కావాలి. ఆ జీతం ఎవరైనా భరిస్తే, అది కొత్త కంప్యూటర్ ఇచ్చినంత మేలు.

జేబులోని ఫోన్ విషయంలోనూ ఇదే మాట. టార్చిలైటు యాప్‌కు మన కాంటాక్టులతో పనేమిటి? అడిగిన అనుమతులన్నీ ఇచ్చేయకుండా, సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్కర్లేనివి తీసేయండి. ఇంట్లో పిల్లలతోనే ఆ పని చేయించండి, వాళ్లకూ తెలుస్తుంది.

దాతలకు నా మనవి ఇదే. ఈసారి కంప్యూటర్ ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇందులోని సాఫ్ట్‌వేర్‌కు ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయి? చెడిపోతే మన ఊళ్లోనే బాగుచేయగలరా? ఇందులో దాచిన రికార్డులు రేపు మరో కంప్యూటర్‌లో తెరుచుకుంటాయా? పాతది ఇస్తుంటే ముందు మీ ఫైళ్లు పూర్తిగా తుడిపించి ఇవ్వండి.

మీరిచ్చే రూపాయి కష్టార్జితం. అది పిల్లవాడి చేతికి పనిముట్టుగా చేరాలి. దాన్ని విప్పి చూసి, నేర్చుకుని, రేపు మరొకరికి నేర్పగలిగినప్పుడే ఆ దానం నిండుతుంది. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.